అరచేతంత వెలుతురు

పర్వతాలు ఎక్కడ కూర్చున్నా ఎడమ పక్కన గోడ ఉండాలి. పెళ్ళికి పోతే పందిరి గుంజ పక్కన, హోటల్‌కు పోతే మూలన, కుల పంచాయితీకి పోతే అరుగు చివరన. అరవై రెండేళ్ళ మనిషికి అదో అలవాటనుకున్నారు అందరూ. అలవాటూ కాదు, పాడూ కాదు. ఆ పక్క నుంచి ఎవరొచ్చినా ఆయనకు కనిపించరు. గోడ ఉంటే ఎవరూ రారు గదా అని ఆయన లెక్క.

మూడేళ్ళ నుంచి నడుస్తోంది ఈ దొంగాట. మొదట ఎడమ కన్ను మసకబారింది, ఆ తర్వాత ఉన్నా లేనట్టే అయింది. ఇప్పుడు కుడి కంటి చూపు కూడా అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటోంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనున్నది మాయమవుతుంది. ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. భార్య బీరమ్మ ఏడుస్తుంది, కూతురు దవాఖానకు తీసుకుపోతుంది, చివరికి అందరూ కలిసి మంద అమ్మేస్తారు. చూపు లేని కాపరికి గొర్లెవరు అప్పజెబుతారు? తాతల నాటి నుంచి గొర్లు తప్ప వేరే బతుకెరగని ఇల్లు అది. నూట ఇరవై గొర్లు పోతే పర్వతాలు అనే మనిషిని ఊళ్ళో పలకరించేదెవరు అని ఆయన భయం.

ఆ భయం ఒక్కటే అయితే ఈ కథ చెప్పాల్సిన పనే లేదు. దాని కింద ఇంకోటి ఉంది.

నిరుడు వానాకాలం మొదట్లో జడ్చర్ల దగ్గర హైవే దాటుతుండగా లారీ వచ్చి మంద మీద పడింది. పద్నాలుగు గొర్లు, బూరి అనే కుక్క అక్కడికక్కడే చచ్చిపోయాయి. రోడ్డు దాటించడానికి కాపరులకు ఒక కట్టుబాటు ఉంది. ఒకడు ముందు, ఒకడు వెనక. ముందువాడు డివైడర్ సందులో నిలబడి, రోడ్డు చూసి, కర్ర పైకెత్తి 'తోల్!' అని కేక వేస్తాడు. వెనకవాడు రోడ్డు వైపు చూడనే కూడదు. కళ్ళు గొర్ల మీద, చెవులు కేక మీద. కేక వినపడితే తోలాలి, అంతే. వాడు ఒక్క క్షణం వెనకాముందాడినా మంద రెండు ముక్కలై నడిరోడ్డు మీద చెదిరిపోతుంది. ఆ రోజు ముందు పర్వతాలు, వెనక కొడుకు పరమేష్.

పంచాయితీలో కులపెద్ద జంగయ్య అడిగాడు. "కేక ఏసినవా పర్వతాలూ?"

"ఎయ్యలే," అన్నాడు పర్వతాలు. "వీడు ఫోన్ చెవుల వెట్టుకున్నడు. నేను ఆగమంటున్నా ఇనకుండ తోలిండు."

అబద్ధం. పచ్చి అబద్ధం. కేక వేసింది తానే. ఎడమ వైపు చూశాననే అనుకున్నాడు, రోడ్డు ఖాళీగా ఉందనే అనుకున్నాడు. లారీ గొర్లను తొక్కుకుంటూ పోతుంటే గానీ దాని చప్పుడు ఎటు నుంచి వచ్చిందో తెలియలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నోరు మూసుకున్నాడు సరే, ఆ మూటను తీసుకుపోయి కన్నకొడుకు నెత్తిన పెట్టాడు. ఇంకా వింత ఏమిటంటే, పరమేష్ ఎదురు చెప్పలేదు. "నాదే తప్పు," అని నలుగురి ముందు తండ్రి కాళ్ళు మొక్కాడు. పది రోజులకు వాడికి ఖాయమైన సంబంధం తప్పిపోయింది. "మందనే ఆగం జేసినోడు నా బిడ్డనేం సాకుతడు," అన్నాడట పిల్ల తండ్రి. ఆ వారమే పరమేష్ బట్టలు సర్దుకుని పోయి, జడ్చర్ల దగ్గర మందుల ఫ్యాక్టరీలో చేరి, ఓ రూము కిరాయికి తీసుకున్నాడు. ఊరికీ ఆ రూముకూ నడుమ ఎనిమిది కిలోమీటర్లు. ఏడాది కావస్తోంది, ఒక్క పండుగకూ రాలేదు.

అలాంటి పర్వతాలు మనవరాలి పుట్టినరోజని చిట్యాలకు బయల్దేరాడు. అక్కడ పెద్దబిడ్డ శైలజ ఉంటుంది. అల్లుడు దశరథ్ టీవీలు బాగుచేసే మనిషి. టీవీలు బాగుచేయించుకునేవాళ్ళు కరువయ్యాక, హైదరాబాద్‌లో మూతపడ్డ ఓ ఆటల దుకాణం నుంచి రెండు పాత వీడియో గేమ్ పెట్టెలు కొనుక్కొచ్చాడు. హైవే పక్కన బస్సులు చాయ్‌కి ఆగే హోటల్ ఒకటి ఉంది. దాని పక్క రేకుల షెడ్డులో వాటిని పెట్టాడు. మనిషంత ఎత్తు చెక్క పెట్టె, నడుమ తెర, కింద పిడి. ఆ పెట్టెల ఒళ్ళు దశరథ్ బాగుచేస్తే, లోపలి ఆట శైలజ రాసింది. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ చదివింది లెండి. ఊరికే పోతుందా కాపరి రక్తం, ఆటలో ఒక గొర్రెపిల్లను పెట్టింది. తెర నిండా సందులు. గొర్రెపిల్ల ఆ సందుల్లో తిరుగుతూ గడ్డి మొత్తం మేయాలి, నాలుగు తోడేళ్ళు దాన్ని తరుముతుంటాయి.

"మొదలు గిది ఆడు నాయినా," అని శైలజ మొదటి పెట్టె ముందు స్టూలు వేసింది. "గిది వెలుగు పెట్టె. సందులన్ని కనవడుతయ్, తోడేండ్లు యాడున్నయో కనవడుతయ్. చిన్న పోరగాండ్లు గూడ ఆడుతరు."

షెడ్డు నడిమధ్యన పెట్టె. ఎడమ పక్కన గోడ లేదు. పర్వతాలుకు అప్పుడే మనసు కీడు శంకించింది, కానీ మనవరాలు స్నిగ్ధ చెయ్యి పట్టుకుని గుంజుతుంటే ఏం చేస్తాడు? కూర్చున్నాడు. పిడి పట్టుకున్నాడు. గొర్రెపిల్ల నాలుగు అడుగులు వేసిందో లేదో, ఎక్కడి నుంచి ఊడిపడిందో ఒక తోడేలు, పిల్ల బోర్లా పడింది. మళ్ళీ ఆడాడు. మళ్ళీ పడింది. నాలుగోసారి కూడా పడేసరికి స్నిగ్ధ పొట్ట పట్టుకుని నవ్వింది.

"గా తోడేలు ఎడమ దిక్కుకెల్లి వస్తనే ఉండె గద తాతా! జూస్తలేవా?"

"నీ పెట్టె పాడుగాను! దీని పిడి సక్కగ లేదు," అని పర్వతాలు పిడిని ఒక్క గుద్దు గుద్దాడు. అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు. శైలజ మాత్రం తండ్రికి ఆట కొత్త గదా అనుకుంది.

రెండో పెట్టెలోనూ అవే సందులు, అవే తోడేళ్ళు. కానీ తెరంతా చీకటి. గొర్రెపిల్ల చుట్టూ అరచేతంత వెలుతురు మాత్రం ఉంటుంది, పిల్ల ఎటు పోతే అటు కదులుతుంది. ఆ వెలుతురులోకి వస్తే తప్ప తోడేలు కనిపించదు. దగ్గరికొచ్చే కొద్దీ దాని అడుగుల చప్పుడు మాత్రం పెరుగుతుంది.

"దీనితోనే నాకు పరేషాన్," అంది శైలజ. "సందులు గీసుడు అల్కగనే ఉంటది నాయినా. మనిషికి ఎంత కనవడాల్నో లెక్క జేసుడే కష్టం. మొత్తం కనవడితె దూరం ఆలోచన జేస్తడు. తోడేలు గా మూలకున్నది, నేను గీ తొవ్వల పోత అనుకుంటడు. జరంతనే కనవడితె భయపడి ఉరుకుతడు. ఉరికి మూసుకపోయిన సందుల జొచ్చి సస్తడు. రెండు నిమిషాలల్ల లేచిపోతరు. దశరథ్ గూడ మూడో ఆట దాటలే. హోటలాయన గీ పెట్టె తీసేయమంటున్నడు."

"ఏది, జూద్దాం," అన్నాడు పర్వతాలు. ఇంకోసారి పరువు పోగొట్టుకునే ఉద్దేశం ఆయనకు లేదు, కానీ ఆ చీకటి తెరను చూస్తే ఎందుకో ప్రాణం లేచొచ్చింది.

ఆయన ఉరకలేదు. గొర్రెపిల్లను ఎడమ గోడకు ఆనించి, దాన్నే పట్టుకుని నడిపించాడు. ప్రతి మలుపు దగ్గరా ఆపాడు. చెవి పెట్టి విన్నాడు. చప్పుడు పెరిగితే రెండడుగులు వెనక్కి, తగ్గితే ముందుకు. ఒకసారి చూసిన మూసుకుపోయిన సందును మళ్ళీ తొక్కలేదు. మొదటి ఆట అయింది. రెండోదీ అయింది. మూడోదాంట్లో కాస్త తడబడి, "గీడ తప్పు గీసినవు బిడ్డా," అన్నాడు తెర మీంచి చూపు తియ్యకుండానే. "దొడ్డికి ఒక్కటే తడిక పెడతరా ఎవలన్న? తోడేలు జొచ్చిన్నాడు గొర్లన్ని ఒక్క మూలకు వడి సస్తయ్. ఎనుకకు ఇంకో సందు ఇయ్యాలె. సూపు తక్కువ ఇచ్చినప్పుడు తొవ్వలన్న ఎక్కువ ఇయ్యి."

అయిదో ఆటకు వచ్చేసరికి చుట్టూ జనం. నకిరేకల్ బస్సు ఆగింది. చాయ్ గ్లాసులు పట్టుకుని ప్రయాణికులు, డ్రైవరు, హోటల్ పనివాళ్ళు పెట్టె చుట్టూ మూగారు. "అబ్బో, ముసలాయన మామూలోడు కాదురో!" అన్నాడు డ్రైవరు. పర్వతాలు ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆయన అందరితో సమానం. ఆ తెర మీద ఎవడికైనా అరచేతంతే కనిపిస్తుంది. ఎవడూ పక్క నుంచి ఎక్కువ చూడడు, ఎవడూ ఆయనకంటే ముందు పసిగట్టడు. లోకమంతా ఇలాగే ఉంటే తన కొడుకు ఇంట్లోనే ఉండేవాడు గదా అని ఒక్క క్షణం అనిపించింది కూడా.

ఏడో ఆటలో గొర్రెపిల్ల పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన గొంగడి సర్దుకుని స్టూలు మీద తిరిగి కూర్చుని, డ్రైవరుతో కోతలు మొదలుపెట్టాడు.

"కండ్లుంటెనే సరిపోదు తమ్మీ, జూసుడు రావాలె!"

శైలజ చాయ్ తెచ్చి ఆయన ఎడమ పక్కన నిలబడింది. గ్లాసు చాపింది. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె చెయ్యి ఆయన భుజానికి మూరెడు దూరంలో ఉంది. వేడికి వేళ్ళు కాలుతున్నా ఆమె కదలలేదు, పలకలేదు. డ్రైవరు ఒకసారి ఆమె వైపు, ఒకసారి ఆయన వైపు చూసి, ఏదో అర్థం కానట్టు తల గోక్కున్నాడు. పర్వతాలు హోటల్ వైపు మొహం పెట్టి గట్టిగా కేకేశాడు.

"శైలూ! చాయ్ ఏది బిడ్డా?"

బస్సు పోయింది. జనం పోయారు. స్నిగ్ధను దశరథ్ దగ్గరికి పంపి, శైలజ తండ్రికి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నాయినా, గీ పెట్టెలు పెట్టి రెండేండ్లాయె. ఎంత మందిని జూసిన్నో లెక్క లేదు. వెలుగుల గెలిచి చీకట్ల ఓడుతరు అందరు. వెలుగుల ఓడి చీకట్ల గెలిచినోన్ని ఒక్కన్ని జూడలే. ఎప్పటిసంది కనవడుతలేదు నీకు?"

"నాకేమైంది? మంచిగనే కనవడుతున్నది."

"నేను నీ పక్కపొంటి నిలవడ్డ. చాయ్ చల్లారె."

పర్వతాలు ఎడమ చేత్తో గోడ కోసం తడిమాడు. గోడ లేదు. శైలజ గొంతు ఒక్కసారిగా మారిపోయింది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"గా లారీ ఎటు దిక్కుకెల్లి వచ్చింది?"

బయట హైవే మీద బండ్లు పోతూనే ఉన్నాయి. పర్వతాలు తల వంచుకున్నాడు.

"ఎడమ దిక్కు."

"తోల్ అన్నవా?"

"అన్న."

శైలజ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "తమ్ముని బతుకు బుగ్గి జేసినవు గద నాయినా! వాడు నీ కాళ్ళు మొక్కుతుంటె ఎట్ల నిలవడ్డవే?"

ఎట్ల నిలబడ్డాడో ఆయనకే తెలియదు. నిలబడ్డాడు, అంతే. కొడుకు తల ఆయన పాదాల మీద ఆనుతున్నప్పుడు ఆయన గోడ వైపు జరిగాడు.

మర్నాడే నల్లగొండలో డాక్టరుకు చూపించారు. నీటికాసులు, అదే గ్లాకోమా అన్నాడు. పోయిన చూపు పోయినట్టే, ఉన్నది నిలవాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలన్నాడు. ముందే ఎందుకు రాలేదని అడిగితే పర్వతాలు పైకప్పు చూశాడు. పదిహేను రోజుల్లో మంద బేరమైంది. రెండు డీసీఎం బండ్లు వచ్చి దొడ్డి ముందు ఆగాయి. గొర్లను ఎక్కిస్తున్నంత సేపూ ఆయన గడప మీద కూర్చుని చెవులతోనే చూశాడు. గంట కట్టిన ముసలి గొర్రె చివరన ఎక్కింది. బండి రోడ్డెక్కాక కూడా ఆ గంట కొంచెం సేపు వినిపించింది.

బీరమ్మ ఆయన అనుకున్నట్టు ఏడవలేదు. తిట్టనూ లేదు. శైలజ అంతా చెప్పేసిన రోజు నుంచి మొగుడితో ఆమె ఒక్క మాటే మాట్లాడింది. "పోరనికి నువ్వే పోయి చెప్పు. నీ నోటితోటి చెప్పు. ఇంటికి తోలుకరా."

అలా ఒకనాటి మధ్యాహ్నం పర్వతాలు ఒక్కడే బస్సు దిగి, ఫ్యాక్టరీ గేటు ముందు, ఎడమ భుజం కాంపౌండు గోడకు ఆనించి నిలబడ్డాడు. షిఫ్టు వదిలే వేళ. నీలం అంగీల మగపిల్లలు గుంపుగా బయటికొస్తున్నారు. వాళ్ళలో కొడుకును ఎట్లా పట్టుకోవాలో ఆయనకు తోచలేదు. అరచేతంత చూపులో ఒక్కో మొహం వచ్చిపోతోంది.

"నాయినా."

పరమేష్ ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పక్క నుంచి రాలేదు, చుట్టు తిరిగి ఎదురుగానే వచ్చాడు. మనిషి సగమయ్యాడు. మందుల వాసన.

పర్వతాలు బస్సులో కూడబలుక్కున్నవన్నీ మరిచిపోయాడు. "పంచాయితిల అబద్దమాడిన కొడుకా. తోల్ అన్నది నేనే. నాకు ఎడమ కన్ను కనవడదు. భయమైంది. నీ మీద ఏసిన."

"ఎరుకే నాయినా."

"ఏం ఎరుక?"

"నువ్వు తోల్ అన్నవు. నేను ఇన్న."

"మరి ఎందుకు చెప్పలేదురా?"

పరమేష్ నేల వైపు చూస్తూ చెప్పాడు. "చెప్తె నీ కన్ను సంగతి గూడ చెప్పాలె. చెప్తె మంద అమ్ముతరు. నీ కన్ను పోయిందని నాకు అంతకు ముందు ఏడాది సందే ఎరుక. రోడ్డు దాటినప్పుడల్ల నువ్వు ముందట నిలవడితె, నేను ఎనుకకెల్లి నీ ఎడమ దిక్కు ఉరికొచ్చి, లారీలున్నయా లేవా జూసుకొని, మల్ల ఎనుకకు పోయేటోన్ని. నీ పక్కపొంటే వచ్చిపోయేటోన్ని. నీకు కనవడకపోతుంటి."

పర్వతాలు గోడను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గా దినం నాకు ఖాయం జేసిన పిల్ల ఫోన్ జేసింది," అన్నాడు పరమేష్. "ఒక్క మాట మాట్లాడి ఉరుకుదామనుకున్న. గంతల్నే నువ్వు తోల్ అన్నవు. తోలిన. కట్టుబాటు గదా. నేనొచ్చి జూసుంటె గొర్లు సావకపోతుండె, బూరి సావకపోతుండె. గందుకే నాదే తప్పన్న. నువ్వు చెప్పిన దాంట్ల అబద్దం సగమే నాయినా."

ఏడాదిపాటు కొడుకు నెత్తిన పెట్టానని కుమిలిపోయిన మూటను, వాడు అప్పటికే తనదనుకుని మోస్తున్నాడు. క్షమించమని అడగడానికి వచ్చిన మనిషికి ఇప్పుడు ఏమడగాలో కూడా తెలియలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, ఒక్కటే అన్నాడు.

"ఇంటికి రా కొడుకా. మీ అమ్మ తోలుకరమ్మన్నది."

"వచ్చి?"

పర్వతాలు భుజం మీది గొంగడి సర్దుకున్నాడు.

"మంద అమ్మిండ్రని అక్క ఫోన్ల చెప్పింది," అన్నాడు పరమేష్ నెమ్మదిగా. "మంద ఉండాలనే గద నాయినా నేను నోరు మూసుకున్నది. ఇప్పుడు గాడ నాకేం పని ఉన్నది?"

ఊరికి పోయే బస్సు రోడ్డుకు అవతల ఆగుతుంది. పరమేష్ తండ్రికి ఎడమ వైపు వచ్చి, రెక్క పట్టుకుని, డివైడర్ దగ్గర ఆగి, మళ్ళీ నడిపించి రోడ్డు దాటించాడు. బస్సు రాగానే తనే పైకెక్కి, ఎడమ వరుసలో కిటికీ పక్క సీటు చూసి ఆయన్ను కూర్చోబెట్టాడు. "చుక్కలు యాల తప్పకుండ ఏసుకో," అని చెప్పి దిగిపోయాడు.

బస్సు కదిలింది. పర్వతాలు ఎదురుగా ఉన్న ఇనుప కడ్డీని చూస్తూ కూర్చున్నాడు. పక్క సీటులో ఉన్న ఆడమనిషి ఆయన మోచెయ్యి తట్టింది.

"ఓ పెద్దయ్యా! గా పిలగాడు నీ కిటికి పొంటి ఉరుకుతున్నడు. చెయ్యి ఊపుతున్నడు, జూస్తలేవేంది?"

పర్వతాలు గబుక్కున మెడ మొత్తం ఎడమ వైపు తిప్పాడు. అప్పటికి కిటికీలో రోడ్డు పక్క గోడ ఒక్కటే పోతోంది.